పిల్లల చిరుతిళ్లు, ఇంట్లో మిగిలే అన్నం: మా ఇంటి పద్ధతి

పిల్లలు బిస్కెట్ల ప్యాకెట్ విప్పి రెండు తిని వదిలేస్తున్నారని, భోజనం వేళకు ఆకలి లేదనడంతో వండిన అన్నం కూడా మిగిలిపోతోందని మీరు రాశారు. నాకు ఈ రెండూ ఒకే సమస్యగా కనిపిస్తున్నాయి కాబట్టి, సాయంత్రపు చిరుతిండి దగ్గర నుంచే సరిదిద్దడం మొదలుపెట్టమంటాను.

మా ఇంట్లో ప్యాకెట్ పిల్లల చేతికి వెళ్లదు. అందులో చెయ్యి పెట్టి తింటే మిగిలినదంతా ఎంగిలవుతుంది, గాలి తగిలి మెత్తబడుతుంది, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోరు. అందువల్ల విప్పగానే మూత బిగువుగా ఉండే డబ్బాలో పోసి, బడి నుంచి వచ్చాక చిన్న గిన్నెలో కొద్దిగా పెడతాను. చాలకపోతే మళ్లీ అడగవచ్చు. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది: ఏమి పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లు నిర్ణయించాలి, అందులో ఎంత తినాలో, అసలు తినాలో వద్దో బిడ్డకే వదిలేయాలి. అందుకే కంచం ఖాళీ చేసి తీరాలని బలవంతపెట్టకుండా, మొదటే తక్కువ వడ్డిస్తాను. వేళ కాని వేళ అడిగినప్పుడు కాదనడం మొదట్లో కష్టమే, కానీ అమ్మమ్మా తాతయ్యలతో సహా ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉంటే పిల్లలు త్వరగానే అలవాటు పడతారు.

ఇక మిగిలిన వాటి విషయానికి వస్తే, మాకు సాయంత్రపు చిరుతిండి చాలావరకు వాటిలోంచే వస్తుంది. అన్నంలో కొద్దిగా బియ్యప్పిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి మెత్తగా పిసికి, పెనం మీద చిన్న రొట్టెలుగా తట్టి నూనెతో ఎర్రగా కాల్చి ఇస్తే పిల్లలు చిప్స్ ఊసెత్తరు. పులిసిన ఇడ్లీ పిండి పునుగులకు, దిబ్బరొట్టెకు బాగుంటుంది; ఇడ్లీలే మిగిలితే చిదిమి పోపు వేస్తే ఉప్మా అవుతుంది. చపాతీలు మిగిలితే, తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసే మలీద ముద్దల పద్ధతిలోనే, మెత్తగా నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతాను. పిల్లలు దాన్ని మిగిలిపోయిన తిండి అనుకోరు, పండుగ తీపి అనుకుంటారు.

అన్నం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నాన్ని బయట వదిలేస్తే అవి మొలకెత్తి పెరుగుతాయి, అప్పుడు పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మిగులుతుందని తెలియగానే వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, 2 గంటలు దాటకముందే, ఎండాకాలంలోనైతే గంటలోపే, ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజే వాడేయాలి. రాత్రంతా వంటగదిలోనే ఉండిపోయిన అన్నాన్ని, వాసన బాగానే ఉన్నా, నేను పిల్లలకు వేడి చేసి పెట్టను.