చిల్కాకు వెళ్లేముందు

చి. రమణకు,

మావయ్య దీవెనలు. నువ్వు అగ్నివీర్‌గా నేవీకి ఎంపికయ్యావని, శిక్షణకు ఒడిశాలోని చిల్కాకు వెళ్తున్నావని మీ అమ్మ ఫోను చేసినప్పుడు నేను రైతుబజారులో వంకాయలు ఏరుతున్నాను. సంచి అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేశాను. ‘‘వంకాయలేవి?’’ అని మీ అత్త అడిగితే, ‘‘రమణ నేవీలో చేరుతున్నాడు’’ అన్నాను. గర్వంతో అన్నానో, భయంతో అన్నానో నాకే తెలియదు. నాతో ఒక్క మాట చెప్పకుండా దరఖాస్తు పెట్టినందుకు కోపం కూడా ఉంది. అది నువ్వు ఎదురుపడినప్పుడు తీర్చుకుంటాను.

సర్టిఫికెట్లకు మూడేసి నకళ్లు తీయించు. పరుగు మానకు. బారువ అలల్లో పెరిగినంత మాత్రాన ఈత వచ్చని ధీమా పడకు, కొలనులో పరీక్ష వేరు. రైలు బరంపురం దాటాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే చిలికా సరస్సు కనబడుతుంది. 1986లో నేనూ నేవీ శిక్షణకు వెళ్తూ దాన్ని చూసి సముద్రమే అనుకున్నాను. పక్కనున్న ఒడియా పెద్దాయన నవ్వాడు.

మొదటి ఏడాది జీతం నెలకు ముప్పై వేలు, అందులో తొమ్మిది వేలు నాలుగేళ్లయ్యాక ఇచ్చే సేవానిధికి పోతాయి. చేతికొచ్చేది ఇరవై ఒక్క వేలు. ఫోను కొనకు. నాలుగేళ్ల తర్వాత నూటికి ఇరవై అయిదుగురికి మించి ఉంచుకోరు. మేము పదిహేనేళ్లకు సంతకం పెట్టినవాళ్లం, నాకు ఈ లెక్క మింగుడు పడడం లేదు. అయినా అది నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

మెరైన్ కమాండో అవుతానని మీ అమ్మతో అన్నావట. ఆ కమాండోల దళం, మార్కోస్, 1987లో ఏర్పడింది. భీమిలి దగ్గర వాళ్లకు ఐ.ఎన్.ఎస్. కర్ణ అనే స్థావరమే ఉంది. కోరిక మంచిదే. కానీ ముందు నావికుడివి కావాలి, నావికుడివి కావాలంటే ముందు హాచ్ పిన్ను పెట్టడం నేర్చుకోవాలి.

నవ్వకు. ఓడలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఇనుప నిచ్చెన, దాని పైన ఇనుప మూత ఉంటాయి. ఆ మూతే హాచ్. దాన్ని ఎత్తి నిలబెట్టాక పిన్నును బెజ్జంలో దూర్చి, ఒకసారి లాగి చూడాలి. మూడు సెకన్ల పని.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నవంబరు నెల, బంగాళాఖాతం అల్లకల్లోలంగా ఉంది. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంజన్ రూములో వాచ్. డ్యూటీ దిగి, ఒక చేతిలో ఖాళీ టీ కెటిల్ పట్టుకుని, భుజంతో హాచ్ ఎత్తి పైకి ఎక్కాను. పిన్ను పెట్టాలంటే కెటిల్ కింద పెట్టాలి. వెనక వచ్చేవాడు పెడతాడులే అనుకున్నాను. ఆ వెనక వచ్చేవాడు నాతోపాటే చిల్కాలో దిగిన విజయనగరం కుర్రాడు. అంచు మీద చెయ్యి వేసి పైకి లేస్తున్నాడు. ఓడ ఒరిగింది. హాచ్ పడిన చప్పుడు నాకు గుర్తు లేదు. కెటిల్ దొర్లుకుంటూ పోయిన చప్పుడు మాత్రం ఇప్పటికీ వినబడుతుంది. అతని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

విచారణలో పిన్ను పెట్టావా అని నన్ను అడిగారు. ‘‘పెట్టాననే అనుకుంటున్నాను సార్’’ అన్నాను. ఆ ‘అనుకుంటున్నాను’ వెనక దాక్కున్నానురా. అతన్ని అడిగితే, చీకట్లో చూడలేదన్నాడు. పిన్ను అరిగి జారి ఉంటుందని తేల్చారు. మరుసటి ఏడాది నాకు లీడింగ్ ర్యాంకు వచ్చింది. అతను స్టోర్సుకు మారి, ఎడమ చేత్తో ఖాతాలు రాయడం నేర్చుకున్నాడు.

సీమన్ రెండో తరగతి, ఒకటో తరగతి, లీడింగ్, పెట్టీ ఆఫీసర్, చీఫ్, ఆపైన మాస్టర్ చీఫ్‌లు. ఈ మెట్లన్నీ నువ్వు ఇప్పటికే బట్టీ పట్టి ఉంటావు. అగ్నివీర్‌ది వీటితో కలవని వేరే ర్యాంకు. ఉంచుకుంటే అప్పుడు ఈ మెట్లు. లీడింగ్ దాకా ఎవడి పని వాడిది. చేతి మీద లంగరు బిళ్ల పడ్డాక, కింద ఉన్న కుర్రాళ్ల వేళ్లు కూడా నీ లెక్కలోకే వస్తాయి. నా చొక్కాకు ఆ బిళ్ల కుట్టిన దర్జీ ‘‘కదలకండి సార్’’ అని రెండుసార్లు అన్నాడు. నేను వణుకుతున్నానని అతనికి తెలియదు.

తప్పు చేస్తే అక్కడే, ఆ పూటే ఒప్పుకో. శిక్ష వేస్తారు, గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తారు, సెలవు కోస్తారు. తిన్న అన్నం మాత్రం ఒంటికి పడుతుంది.

మొదటిసారి సముద్రం మీదికి వెళ్లినప్పుడు వాంతులవుతాయి, సిగ్గుపడకు. ఖాళీ కడుపుతో ఉండకు, ఉప్పు బిస్కెట్లు దగ్గర పెట్టుకో. నీకు చిన్నప్పుడు బస్సే పడేది కాదు. టెక్కలి దాకా నా ఒళ్లోనే పడుకునేవాడివి.

ఆ విజయనగరం మనిషి ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాడు. ప్రతి సంక్రాంతికీ తనే ఫోను చేస్తాడు. ఇన్నేళ్లలో మేము ఆ రాత్రి గురించి మాట్లాడుకోలేదు. మొన్న నీ సంగతి చెప్పాను. చాలా సంతోషించాడు. ఫోను పెట్టేయబోతూ, ‘‘హాచ్ గురించి అబ్బాయికి చెప్పు’’ అన్నాడు.

నువ్వు ఎక్కే రైలు, బోగీ నంబరు రాసి పంపు. స్టేషనుకు ఇద్దరం వస్తాం. కాఫీ గ్లాసు అతను ఎడమ చేత్తోనే అందిస్తాడు, మరోలా అనుకోకు.

మీ మావయ్య