ఆ షేక్‌హ్యాండ్ తీసెయ్యమ్మా

అమ్మా,

నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ కథ రాత్రి చదివాను. అమెరికాలో రిచ్‌మండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా అక్కడి అంతర్యుద్ధం జరిగిన ఊళ్ళు తిరిగి రాశానన్నావు. ఆ శ్రమ కనిపిస్తోంది. మెచ్చుకోలు ఇంతటితో సరి. నీ చివరి రెండు పేజీలు చదివాక కోపంతో నిద్ర పట్టలేదు.

1913 జూలై, గెటిస్‌బర్గ్. బానిసత్వం మీద ఉత్తరాదీ దక్షిణాదీ కొట్టుకున్న ఆ యుద్ధంలో, ఈ ఊళ్ళో పోరు జరిగి సరిగ్గా యాభై ఏళ్ళు. రెండు వైపుల నుంచీ 50 వేలమందికి పైగా ముసలి సైనికులు చేరారు, రాతిగోడకు అటూ ఇటూ నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నారు. జరిగిన మాట నిజమే. నువ్వు దాని మీద బ్యాండు మోగించి, నీ కథలోని సైనికులిద్దరి చేతా కళ్ళనీళ్ళు పెట్టించి, దేశం మళ్ళీ ఒక్కటైందని కథ ముగించేశావు. ఆ మర్నాడు అక్కడికొచ్చి ఉపన్యాసం ఇచ్చిన అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వంలోనే, అదే ఏడాది, పోస్టాఫీసు శాఖలోనూ ఖజానా శాఖలోనూ నల్ల ఉద్యోగుల్ని వేరుగా కూర్చోబెట్టడం మొదలైంది. నీ ముసలాళ్ళు రాజీపడ్డారు సరే, ఆ రాజీ ఎవరి నెత్తిన పడింది?

జవాబు నీ కథలోనే ఉంది. పదకొండో పేజీలో ఒక వంటమనిషి కాఫీ తెచ్చిపెడుతుంది. ఆమెకు పేరు కూడా పెట్టలేదు నువ్వు. సైనికుడు బయల్దేరుతుంటే, "జార్జియా వైపు పోతే మా అమ్మ జాడ తెలుస్తుందేమో అడగండి బాబూ" అంటుంది. ఆ ఒక్క మాట దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత పేజీ నుంచి ఆమె ఊసే లేదు!

బానిసత్వం పోయాక చాలామంది చేసిన మొదటి పని, అమ్ముడుపోయిన తమవాళ్ళని వెతుక్కోవడం. న్యూ ఆర్లీన్స్‌లో ఒక మెథడిస్టు పత్రిక 1879లో అందుకోసమే ఒక కాలమ్ మొదలుపెట్టింది. చందాదారులు కానివాళ్ళు ప్రకటనకు అర డాలరు కట్టాలి. చర్చిలో అందరికీ వినపడేలా చదవమని పాస్టర్లకు విన్నపం. ఆ ప్రకటనల్లో తల్లి పేరు, అన్నదమ్ముల పేర్లతో పాటు మొదటి యజమాని ఎవరు, ఎవరికి అమ్మాడు, అక్కణ్ణించి ఎవరి చేతికి పోయాం అన్నీ రాసుకోవాలి. యజమాని పేరు చెబితేనే కదా ఆనవాలు దొరికేది. యుద్ధం ముగిసిన 14 ఏళ్ళకు కూడా అమ్మ కోసం వెతుకుతున్నవాళ్ళున్న దేశం, ఎప్పుడు ఒక్కటైనట్టు?

ఇంకోటి. యుద్ధం తర్వాతి కథ రాసేవాళ్ళు భూమి ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఇది నా పిచ్చి అంటారు, అననీ. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయినప్పుడు, ఉత్తరాది సేనాపతి గ్రాంటు ఓడిన సైనికులకు ఒక వెసులుబాటు ఇచ్చాడు. సొంత గుర్రం, కంచరగాడిద ఉన్నవాళ్ళు ఇంటికి తోలుకుపోవచ్చు, దుక్కికి పనికొస్తాయని. నువ్వు దీన్ని చక్కగా రాశావు. మరి తరతరాలుగా ఆ పొలాలు దున్నినవాళ్ళ మాట? ఆ జనవరిలోనే ఉత్తరాది జనరల్ షెర్మన్ సముద్రతీరపు భూముల్ని వాళ్ళకు కుటుంబానికి 40 ఎకరాల లోపు పంచమని ఆర్డరిచ్చాడు. సుమారు 40 వేలమంది దిగి సాగు మొదలుపెట్టారు. లింకన్ చనిపోయాక గద్దెనెక్కిన జాన్సన్ పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి భూములు తిరిగి ఇప్పించాడు.

ఈ కబురు చెప్పడానికి అక్టోబరులో, విడుదలైన బానిసల బాగోగులు చూసే శాఖ అధిపతి జనరల్ హోవర్డ్ సౌత్ కరోలినాలోని ఎడిస్టో దీవికి వెళ్ళాడు. చర్చిలో జనాన్ని కూర్చోబెట్టి, పాత యజమానులతో సర్దుకుపొమ్మన్నాడు. యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న మనిషి, చెడ్డవాడు కాదు. ఆ జనం తరఫున ఒక కమిటీ అతనికి ఉత్తరం రాసింది. అందులో ఉన్న సంగతి ఇదీ: నీకు పోయింది ఒక చెయ్యి, నువ్వు క్షమించగలవేమో. నన్ను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టి, మా అమ్మనీ అక్కనీ బట్టలూడదీసి కొట్టి, ఇప్పుడు తను చెప్పిన రేటుకు పనిచేస్తే తప్ప ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వనంటున్న వాణ్ణి నేను క్షమించలేను. క్షమ గురించి నువ్వు రాసిన మూడు పేరాలూ దీని పక్కన పెట్టి చదువుకో.

ఆ తర్వాతదంతా మన పాలేరు కథే. మిసిసిపీలో 1865 చివర్న చేసిన చట్టం ప్రకారం, ఏటా జనవరికల్లా నల్లవాళ్ళు ఎక్కడో పనికి కుదిరినట్టు కాగితం చూపించాలి. గడువు నిండకుండా పని మానేస్తే ఆ ఏడాది చేసిన పని జీతం గోవిందా. అలాంటి చట్టాల్ని తర్వాత కొట్టేశారు గానీ భూమి మాత్రం రాలేదు. సగపాలుకు పత్తి పండించడం, కొట్లో అరువు, పంట చేతికొచ్చాక లెక్క చూస్తే ఇంకా బాకీనే.

లెక్కలంటే గుర్తొచ్చింది. విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో పాలేరు మీద కథ రాశాను. అందులో రెండు పేజీలు ఆసామి చిట్టా: నాగుకు, అంటే పంటకు వడ్డీ కలిపి తిరిగిచ్చే అప్పుకు, తెచ్చిన వడ్లెన్ని, కూతురి పెళ్ళికి వాడిందెంత, మొత్తం. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ రెండు పేజీలూ ఎత్తేసి, ఆసామి పాలేరు భుజం తట్టినట్టు ముగింపు తనే రాసి, నా పేరుతో అచ్చేశాడు. వెళ్ళి అడిగితే "లెక్కలెవడు చదువుతాడయ్యా" అన్నాడు. గట్టిగా అరిచి వచ్చాను. ఆ తర్వాత ఆ పత్రికలో నా కథ ఒక్కటీ పడలేదు. ఇప్పటి పోటీలవాళ్ళు ఇంకా ఘనులు, పాజిటివ్ ముగింపు ఉండాలని ముందే రూలు పెడుతున్నారు. నీ షేక్‌హ్యాండ్ ఆ రూలు కోసమే వచ్చిందని నా అనుమానం.

లింకన్ హత్య భాగం బాగుందా అని అడిగావు. అందరికీ తెలిసిందే, కుదించు. పుస్తకం ఎవరు వేస్తారన్న సంగతి తర్వాత.

ఆ వంటమనిషికి పేరు పెట్టు. యుద్ధమయ్యాక ఎవరి పొలంలో చేరింది, ఆ ఏడు లెక్క చూశాక చేతికేమొచ్చింది, అర డాలరు ఎలా కూడబెట్టింది, ఇవి రాయి. సైనికులిద్దర్నీ ఉంచుకుంటే ఉంచుకో, నాలుగు పేజీలు మించనివ్వకు. దసరా లోపు పంపు. కాగితం మీదే పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు. ఈ సైజు చదివేసరికి కళ్ళు లాగేశాయి.