గార్డెనింగ్ కాంట్రాక్టు బిల్లులో మొక్కలను విడిగా చూపిస్తే జీఎస్టీ తగ్గుతుందా?

హైదరాబాద్‌లో లాన్, గార్డెన్ పనులు చేస్తూ కొత్తగా జీఎస్టీ తీసుకున్నానన్నారు. మొక్కలకు పన్ను లేదు కాబట్టి బిల్లులో వాటిని విడగొడితే 18% తప్పుతుందా అన్నది మీ ప్రశ్న.

బిల్లులో గీత గీసినంత మాత్రాన తప్పదండీ. కస్టమర్ ఏం ఆర్డర్ ఇచ్చాడన్నదే ముఖ్యం. నర్సరీ లాగా మొక్కలు మాత్రమే అమ్మితే (హెచ్ఎస్ఎన్, అంటే సరుకు కోడ్, 0602) పన్ను లేదు, బిల్ ఆఫ్ సప్లై (పన్ను లేని అమ్మకానికి ఇచ్చే బిల్లు) ఇస్తే చాలు. అదే ఎర్రమట్టి, లాన్, మొక్కలు, కూలీ కలిపి "గార్డెన్ చేసి ఇవ్వండి" అని ఒకే రేటు మాట్లాడుకుంటే అది కాంపోజిట్ సప్లై, అంటే విడదీయలేని ఒకే పని. మొత్తం మీద 18% పడుతుంది. 80,000 పనికి సీజీఎస్టీ (కేంద్రం వాటా) 7,200, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 7,200 కలిపి 94,400. మొక్కలను నిజంగానే విడిగా అమ్ముతుంటే కొటేషన్, ఆర్డర్ కూడా వేరుగా ఉండాలి. నాటే పని లేకుండానే ఆ మొక్కలు కొనుక్కునే వీలు కస్టమర్‌కు ఉండాలి. ఆడిట్‌లో కొటేషన్ కూడా అడగొచ్చు.

గార్డెన్ మెయింటెనెన్స్‌కు సర్వీసు కోడ్ 998597, రేటు 18%. టర్నోవర్ 5 కోట్ల లోపైతే 9985 అని నాలుగు అంకెలు వేస్తే చాలు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, వరుస తప్పకూడదు. జీఎస్టీ నంబరు లేని ఇంటి ఓనరైనా, అపార్ట్‌మెంట్ అసోసియేషనైనా బిల్లు 50,000 చేరితే పేరు, చిరునామా, రాష్ట్రం రాయాల్సిందే.

ఎక్కువమందికి దెబ్బ పడేది తేదీల దగ్గర. ఏడాది ఒప్పందంలో "ప్రతి నెలా 5వ తేదీకి చెల్లించాలి" అని ఉంటే, డబ్బు రాకపోయినా 5లోపు బిల్లు వేయాలి. ఆ నెల రిటర్నులో పన్ను కూడా కట్టాలి. అసోసియేషన్ మూడు నెలలు తిప్పితే ఆ పన్ను మీ జేబులోంచే పోతుంది. అందుకే గడువును వాళ్లు నిజంగా డబ్బిచ్చే తేదీకి దగ్గరగా రాసుకోండి. విడి పనులకైతే పని పూర్తయిన 30 రోజుల్లోపు బిల్లు ఇవ్వాలి.

అడ్వాన్సు తీసుకుంటే రిసీట్ వోచర్ (డబ్బు అందినట్టు రసీదు) ఇవ్వాలి. సర్వీసు అడ్వాన్సుకు పన్ను అప్పుడే పడుతుంది: పన్నుతో కలిపి 30,000 తీసుకుంటే అందులో 4,576 జీఎస్టీయే. ఫైనల్ బిల్లులో దీన్ని తగ్గించడం మర్చిపోతే రెండుసార్లు కట్టినట్టవుతుంది.

విజయవాడలో పని పడితే ఆ స్థలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ బదులు ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన సరఫరా మీద పన్ను) 18% వేయాలి.

కస్టమర్లంతా ఇళ్లవాళ్లే, టర్నోవర్ 50 లక్షల లోపే అయితే 6% కాంపోజిషన్ (టర్నోవర్ మీద 6% మీరే కట్టే పథకం) చూడండి. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకునే వీలు) రాదు, రాష్ట్రం దాటి పని చేయకూడదు. అయినా ఇళ్లవాళ్లకు 18% క్రెడిట్ ఎలాగూ రాదు కాబట్టి, పైన 18% వేయని మీ రేటే కొటేషన్‌లో తక్కువగా కనిపిస్తుంది. కంపెనీ క్యాంపస్‌లు పట్టాలనుకుంటే మాత్రం ఇది వద్దు, వాళ్లకు క్రెడిట్ కావాలి.