సందేహాలు – సమాధానాలు: 'జెర్రీమాండరింగ్' అంటే పునర్విభజనేనా?

సందేహం: మాది కల్లూరు. ఉండేది కర్నూలు ఊళ్లోనే, పన్ను కట్టేది కర్నూలు కార్పొరేషన్‌కే. ఓటు మాత్రం పాణ్యం ఎమ్మెల్యేకి, నంద్యాల ఎంపీకి. "ఇదే జెర్రీమాండరింగ్" అంటాడు నా స్నేహితుడు. అమెరికా వార్తల్లో ఆ మాట వచ్చినచోట 'నియోజకవర్గాల పునర్విభజన' అని రాయడం చూశాను. రెండూ ఒకటేనా? కాకపోతే తెలుగులో ఏమనాలి? దానికీ మన జెర్రికీ సంబంధం ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు

సమాధానం: రెండూ ఒకటి కావు. పునర్విభజన ఒక పని పేరు. జెర్రీమాండరింగ్ ఆ పని మీద వేసే నింద. నియోజకవర్గాల గీతలు మార్చడం పునర్విభజన. మా పార్టీకి సీట్లు పెరగాలని లెక్క చూసుకుని మార్చడం జెర్రీమాండరింగ్. మొదటిదాన్ని రెండోదానికి బదులు వాడితే వార్తలోని ఆరోపణ ఎగిరిపోతుంది. రెండోదాన్ని మొదటిదానికి బదులు వాడితే, మీ స్నేహితుడు చేసినట్టు, రుజువు లేకుండానే తప్పు మోపినట్టవుతుంది.

జెర్రితో సంబంధం లేదు. ఆ మాట 1812లో అమెరికాలో పుట్టింది. మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఆ ఏడాది రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాలను తన పార్టీకి కలిసొచ్చేలా మార్చే బిల్లు మీద సంతకం పెట్టాడు. అందులో ఎసెక్స్ కౌంటీలో గీసిన ఒక నియోజకవర్గం వంకరలు తిరిగి, బల్లిని పోలిన సాలమాండర్ అనే జంతువులా ఉందని బోస్టన్ పత్రిక ఒకటి కార్టూన్ వేసింది. గెర్రీ పేరుకు ఆ జంతువు తోక తగిలించి 'గెర్రీమాండర్' అన్నారు. ఎన్నికల్లో గెర్రీ గవర్నరు పదవి పోగొట్టుకున్నాడు గానీ గీతలు తమ పని తాము చేశాయి: ఎదుటి పార్టీకి ఓట్లు ఎక్కువ వచ్చినా సెనేట్‌లో 40 స్థానాలకు 29 గెర్రీ పార్టీకే దక్కాయి. ఆయన పేరు పలికేది 'గ'తోనే అయినా ఆ మాటను అమెరికావాళ్లే ఇప్పుడు 'జ'తో పలుకుతున్నారు. మనమూ జెర్రీమాండరింగ్ అని రాస్తే సరిపోతుంది. కాళ్లు ఎక్కువున్న జెర్రి బొమ్మ కూడా అలాంటి నియోజకవర్గాలకు బాగానే నప్పుతుంది, అది వేరే సంగతి.

ఈ పని ఎలా సాగుతుందో తెలిస్తే తెలుగు మాట ఎంచుకోవడం సులువు. పదిహేను పల్లెలున్నాయి, అన్నిటిలో ఓట్లు సమానం అనుకోండి. తొమ్మిది ఒక పార్టీవి, ఆరు రెండోదానివి. మూడేసి పల్లెలకు ఒక సీటు చొప్పున ఐదు సీట్లు. గీత గీసే అధికారం ఆరు పల్లెల పార్టీ చేతిలో ఉంటే, ఎదుటివాళ్ల పల్లెలు ఆరింటిని తెచ్చి రెండు సీట్లలో కుక్కుతుంది. ఆ రెండూ వాళ్లకే వదిలేస్తుంది. మిగిలిన మూడు సీట్లలో తనవి రెండేసి, వాళ్లవి ఒక్కొక్కటి. తక్కువ ఓట్లతో మూడు సీట్లు గెలిచేస్తుంది. అదే తొమ్మిది పల్లెల పార్టీ గీస్తే ఎదుటివాళ్ల పల్లెలను తలా ఒక సీటుకు పంచేసి నాలుగు కొట్టేస్తుంది. పల్లెలు అవే, ఓటర్లు వాళ్లే.

ఇంగ్లీషులో ప్యాకింగ్, క్రాకింగ్ అనేవి ఇవే. మొదటిదాన్ని 'కుక్కడం' అనవచ్చు. రెండోదాన్ని కొందరు 'ఓట్లు చీల్చడం' అంటున్నారు. అది వద్దు. మన దగ్గర ఓట్లు చీలడం అంటే మూడో అభ్యర్థి నిలబడి ఒకరి ఓట్లు పట్టుకుపోవడం. కడపలోనైనా, అనంతపురంలోనైనా టీ కొట్టు దగ్గర ఆ మాటకు ఇంకో అర్థం లేదు. హద్దులు మార్చి ఒక వర్గం ఓట్లను తలో సీటులోకి పంపేయడానికి 'చెదరగొట్టడం' నప్పుతుంది.

ఇక మీ కల్లూరు. 2008లో అమల్లోకి వచ్చిన హద్దులకు 2001 జనాభా లెక్కలు ఆధారం. అప్పటి ఉమ్మడి రాష్ట్ర జనాభాను 294 సీట్లకు పంచితే సీటుకు సుమారు 2.59 లక్షల మంది వస్తారు. కర్నూలు, కల్లూరు కలిపితే అంతకన్నా ఎక్కువ. ఊరి మధ్యలో ఎక్కడో ఒకచోట గీత పడాల్సిందే. ఆ గీత మీకు ఇబ్బందే, అందులో సందేహం లేదు. పైగా 2022లో జిల్లాలు విడిపోయాక మీ పాణ్యం నియోజకవర్గమే రెండు జిల్లాలకు పంచబడింది: కల్లూరు, ఓర్వకల్లు కర్నూలు జిల్లాలో, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలో. అనంతపురం వైపు రాప్తాడుదీ అదే కథ. కానీ వంకరగానో, అసౌకర్యంగానో ఉన్నంత మాత్రాన జెర్రీమాండరింగ్ కాదు. ఎవరి లాభం కోసం గీశారన్నది తేలాలి.

గీసేది ఎవరన్నదీ ముఖ్యమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో శాసనసభే, అంటే అక్కడ గెలిచిన పార్టీయే గీస్తుంది. 2025లో టెక్సస్ రిపబ్లికన్లకు కలిసొచ్చేలా గీస్తే, దానికి జవాబుగా కాలిఫోర్నియా డెమొక్రాట్లకు కలిసొచ్చేలా గీసింది. పార్టీ స్వార్థంతో గీశారన్న ఫిర్యాదులను ఫెడరల్ కోర్టులు విచారించలేవని అక్కడి సుప్రీంకోర్టు 2019లోనే చెప్పేసింది. మన దగ్గర 2002 పునర్విభజన చట్టం కింద ఏర్పడిన కమిషన్‌కు జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షుడు. ఎంపీలు, ఎమ్మెల్యేలు అందులో సహ సభ్యులే, వాళ్లకు ఓటు లేదు. ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు విన్నాకే తుది ఉత్తర్వు ఇస్తారు. ఇంత ఉన్నా పైరవీలు, అనుమానాలు ఉండవని నేననను. మున్సిపల్ వార్డుల దగ్గరకొస్తే గొడవ మరీ ఎక్కువ.

'పునర్విభజన' అనే మాటకూ మన రాష్ట్రంలో ఒక చిక్కుంది. 2014 తర్వాత విభజన అనగానే రాష్ట్ర విభజనే గుర్తొస్తోంది. రాష్ట్ర విభజన చట్టంలోనే అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి పెంచే మాట ఉంది కాబట్టి, పునర్విభజన అంటే సీట్లు పెరగడమే అని జనం అనుకుంటున్నారు. 2008లో మొత్తం సీట్లు ఒక్కటీ పెరగలేదు, తగ్గలేదు. లోపలి గీతలే మారాయి. కోయిలకుంట్ల పోయి బనగానపల్లె వచ్చింది, గుత్తి, లక్కిరెడ్డిపల్లె పోయాయి, మంత్రాలయం కొత్తగా వచ్చింది. అందుకే సంఖ్య గురించైతే 'సీట్ల కేటాయింపు' అనీ, గీతల గురించైతే 'హద్దుల మార్పు' అనీ విడదీసి రాయడం మేలు.

హిందీలోని 'పరిసీమన' తెచ్చుకుందామనేవాళ్లూ ఉన్నారు. సంస్కృతంలో సీమకు హద్దు అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టేనాటికే సీమ అంటే తెలుగువాడికి ప్రాంతం. పరిసీమన వింటే హద్దు తోచదు. అరబ్బీ నుంచి వచ్చిన హద్దు అయితే పొలం గట్టు మీదున్న రైతుకూ తెలుసు.

కాబట్టి జెర్రీమాండరింగ్‌కు నా ఓటు 'పక్షపాత హద్దులు' అనే మాటకు. "టెక్సస్‌లో పక్షపాత హద్దులపై దుమారం" అంటే శీర్షిక కూడా అతుకుతుంది. వార్తలో మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే జెర్రీమాండరింగ్ అనీ చెప్పండి. క్రియగా కావాలంటే 'తమకు అనుకూలంగా హద్దులు గీసుకున్నారు' అంటే చాలు. ఆరోపణ రుజువు కానప్పుడు 'గీసుకున్నారన్న ఆరోపణ' అని రాయాలి.

ఇంకొక్క మాట. కొందరు 'నియోజక వర్గం' అని విడదీసి రాస్తుంటారు. అది సమాసం, కలిపే రాయాలి. నియోజకులు అంటే నియమించేవాళ్లు, అంటే ఓటర్లు. వాళ్ల వర్గం నియోజకవర్గం. మాట పుట్టుక ప్రకారం అది మనుషుల గుంపే. వాడుకలో నేలకు పేరైంది గనుక 'నియోజకవర్గంలో పర్యటించారు' అనడం తప్పు కాదు.