‘ప్రయోగం’ ఎవరి మీద?

సందేహం: చెన్నైలోని ఒక ఆసుపత్రిలో రొమ్ము, గర్భసంచి క్యాన్సర్లకు సంబంధించిన క్లినికల్ ట్రయల్ పత్రాలను తెలుగులోకి మార్చే పని చేస్తున్నాను. మా దగ్గరికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లే ఎక్కువ. పాత సమ్మతి పత్రంలో ‘వైద్య ప్రయోగము’ అనీ, ‘ఈ ఔషధము మీపై ప్రయోగించబడును’ అనీ ఉంది. అది చదివి వినిపించగానే గూడూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ‘నా మీద ప్రయోగం చేస్తారా తల్లీ?’ అన్నారు. ఆ మాట తప్పా? పరీక్ష, పరిశోధన, ట్రయల్ – వీటిలో ఏది రాయాలి? క్యాన్సర్‌ను రాచపుండు అనవచ్చా?
– ఒక సోదరి, మైలాపూరు

సమాధానం: ముందుగా ఆ పెద్దావిడకు నా నమస్కారం చెప్పండి. ఆవిడ తెలుగు మీ పత్రంలోని తెలుగు కన్న మేలైనది. ప్రయోగం అన్న మాటకు ‘మీద’ గాని ‘పై’ గాని చేరిందంటే తెలుగు చెవికి వినిపించేవి రెండే: ఒకటి అస్త్రం, రెండోది చేతబడి. ‘ఎవరో ప్రయోగం చేయించారు’ అంటే పల్లెలో నాలుగు దార్ల కూడలిలో పడేసిన నిమ్మకాయలు గుర్తుకొస్తాయే గాని ప్రయోగశాల గుర్తుకు రాదు. పత్రికలవారు ‘బాష్పవాయువు ప్రయోగించారు’ అని రాసి రాసి ఆ భయాన్ని ఇంకాస్త గట్టిపరిచారు.

మాటలో మాత్రం ఏ దోషమూ లేదు. కూర్చడం అనే అర్థమున్న యుజ్ ధాతువు నుంచి వచ్చింది. కవి మాటను వాడితే ప్రయోగం, నటులు నాటకాన్ని ఆడితే ప్రయోగం. కాళిదాసు శాకుంతలం ప్రస్తావనలో సూత్రధారుడు ‘ఆ పరితోషాద్విదుషాం న సాధు మన్యే ప్రయోగవిజ్ఞానమ్’ అంటాడు: తెలిసినవారు తృప్తిపడేదాకా నా ప్రయోగజ్ఞానం మంచిదని నేననుకోను అని. అక్కడితో ఆగక, ‘బలవదపి శిక్షితానామాత్మన్యప్రత్యయం చేతః’ అని కూడా అంటాడు. ఎంత గట్టిగా శిక్షణ పొందినవారి మనసుకైనా తనపై తనకు నమ్మకం కుదరదు అని దాని భావం. ఈ రెండో సగాన్ని గుర్తుంచుకోండి. దానితో మనకు పని ఉంది.

‘ప్రయోగించబడును’ లోని ‘బడు’ను మాత్రం నేను క్షమించలేను. కర్మణి వాక్యం కర్తను దాచేస్తుంది. మందు ఎవరిస్తారో, బాధ్యత ఎవరిదో తెలియాల్సిన పత్రంలో ఇచ్చేవాళ్లు కనబడకుండా పోవడం భాషాదోషాన్ని మించిన దోషం. ‘డాక్టర్లు మీకు ఈ మందు ఇస్తారు’ అని రాయడానికి ఎవరు అడ్డుపడ్డారు?

పరీక్ష అని రాస్తే, అప్పటికే రక్తపరీక్ష, ముక్క పరీక్ష, స్కానింగు అన్నీ అయి అలసిన మనిషి ఇది ఇంకొక టెస్టు కాబోలు అనుకుంటుంది. ట్రయల్ అన్న మాట మందుల వాళ్లకు తెలిసినంతగా గూడూరు పల్లెలకు తెలియదు. పరిశోధన ఉన్నవాటిలో నయం, అయితే దానికీ మన ఊళ్లో ఒక చిక్కుంది. 1954లో ముత్తులక్ష్మీరెడ్డి గారి పూనికతో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి వెలిసిన ఈ నగరంలో తెలుగు పత్రాలు తరచుగా తమిళపు చేతుల మీదుగా నడుస్తాయి. తమిళంలో ‘పరిసోదనై’ అంటే టెస్టు, మనకు ‘పరిశోధన’ అంటే రీసెర్చి. తమిళనాడు సరిహద్దులోని ఆరంబాకం దాటి మన తడ చేరేసరికి అదే మాట అర్థం మార్చుకుంటుంది కాబట్టి, ఆ తేడా చూసుకోకుండా దించిన పత్రాన్ని నమ్మకండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మీరు పేరు వెతుకుతున్న పనికి మూలం ‘చికిత్స’ అన్న మాటలోనే ఉంది. దాని రూపం చూడండి. జిజ్ఞాస, పిపాస, ముముక్షువు – వీటన్నిటిలోనూ కోరికను తెలిపే సన్ ప్రత్యయం ఉంది. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తాగాలనే కోరిక పిపాస. చికిత్స కూడా ఆ అచ్చులో పోసిన మాటే. పాణిని ‘గుప్తిజ్కిద్భ్యః సన్’ అని కిత్ ధాతువుకు ఈ ప్రత్యయాన్ని విధించాడు. వైయాకరణులు ఇక్కడ కోరిక అర్థాన్ని ఒప్పుకోక, రోగాన్ని పోగొట్టడం అనే సొంత అర్థం చెప్పారు. భాషాచరిత్రకారులు మాత్రం దీన్ని గమనించడం, ఎరగడం అనే అర్థాలున్న చిత్ ధాతువుతో కలుపుతారు. వారి లెక్కన చికిత్స అంటే మొదట ఎరగగోరడం, ఆపైన పట్టించుకోవడం, ఆ తరువాతే వైద్యం చేయడం. నాకు ఈ వరుస ఎంతో ఇష్టం. రోగిని ఎరగాలన్న కోరిక లేనివాడు రాసిచ్చే మందుచీటీని చికిత్స అనడానికి నాకు నోరు రాదు.

దీనికే ‘వి’ చేరిస్తే విచికిత్స. ‘విచికిత్సా తు సంశయః’ అని అమరకోశం అనే సంస్కృత నిఘంటువు. అంటే వైద్యానికీ సందేహానికీ ధాతువు ఒక్కటే. కఠోపనిషత్తులో నచికేతుడు యముణ్ణి అడిగిన మూడో వరం ఈ మాటతోనే మొదలవుతుంది: ‘యేయం ప్రేతే విచికిత్సా మనుష్యే, అస్తీత్యేకే నాయమస్తీతి చైకే.’ పోయిన మనిషి విషయంలో ఈ సందేహం ఉన్నదే, ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారే, అది తీర్చమంటాడు. దేవతలు కూడా పూర్వం ఇక్కడ సందేహపడ్డారు, మరో వరం కోరుకో అని యముడు అన్నా ఆ పిల్లవాడు వినడు. ‘ఉన్నదని కొందరు, లేదని కొందరు’ అన్న ఆ చీలికే క్లినికల్ ట్రయల్‌కు పునాది. ట్రయల్‌లో చేరినవారిలో కొందరికి కొత్త మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూస్తారు. కొత్త మందు మేలు చేస్తుందని ముందే తెలిస్తే సగం మందికి ఇవ్వకపోవడం పాపం. కీడు చేస్తుందని ముందే తెలిస్తే ఇంకో సగానికి ఇవ్వడం పాపం. నిజాయతీగా విచికిత్స ఉన్నప్పుడే ఆ పని ధర్మం.

శిక్షితుల మనసుకు తనపై నమ్మకం ఉండదన్నాడు కవి. రొమ్ము క్యాన్సర్ చరిత్రలో మాత్రం ఆ నమ్మకం మితిమీరి చాలా కాలం నిలిచింది. 19వ శతాబ్దం చివర అమెరికాలో శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ నేర్పిన కోతలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమమని గొప్ప గొప్ప చేతులే దశాబ్దాల పాటు నమ్మాయి. 1976లో డాక్టర్ బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో మొదలైన ట్రయల్‌లో 1,800 మందికి పైగా స్త్రీలు చేరారు. ఇరవై ఏళ్లు గమనించాక, 2002లో తేలిందేమంటే, గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, రొమ్ము మొత్తం తీయించుకున్నవారూ సమానంగానే బతికారని. ఆ సందేహం ఎవరికీ కలగకపోయి ఉంటే ఇవాళ ఎంతమంది ఆడవాళ్లు ఏం పోగొట్టుకొని ఉండేవారో తలచుకోండి.

సందేహం ఎప్పుడూ కోతను తగ్గించే వైపే తీర్పు చెబుతుందనుకోకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషను, నొప్పి తక్కువ, త్వరగా ఇంటికి వెళ్లవచ్చు అని వాడుకలోకి వచ్చేసింది. 631 మంది స్త్రీలతో జరిపిన ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. నాలుగున్నరేళ్ల దగ్గర చూస్తే, పొట్ట తెరిచి చేసినవారిలో నూటికి 96.5 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉండగా, రంధ్రాల పద్ధతిలో 86 మందే ఉన్నారు. అదే జబ్బుకు, రేడియేషన్‌తో కలిపి చేసే కీమోకు ముందు ఆరు వారాల కీమో ఇస్తే మేలా అని మన దేశపు స్త్రీలు కూడా చేరిన 500 మంది ట్రయల్‌లో అడిగారు. మేలేనని 2024లో జవాబు వచ్చింది: ఐదేళ్లకు బతికి ఉన్నవారు నూటికి 72 నుంచి 80కి పెరిగారు.

రాచపుండు గురించి ఒక్క మాట. క్యాన్సర్ అనే రాయండి. రొమ్ములో గడ్డ చాలా రోజులు పుండు పడదు, నొప్పీ పుట్టదు. పుండని పేరు పెడితే పుండు లేదు గదా అని కూర్చునే ప్రమాదముంది.

ఇక నిర్ణయం. శాస్త్రవ్యాసంలో ‘వైద్య ప్రయోగం’ అని ఎవరైనా రాస్తే నేను కొట్టివేయను. సమ్మతి పత్రంలో మాత్రం ‘చికిత్సా పరిశోధన’ అనడం మేలనిపిస్తుంది. పక్కన ‘ట్రయల్’ అని కూడా ఉంచండి, ఆసుపత్రిలో అందరి నోటా వినబడేది అదే గనక. ఇంతకన్న మంచి మాట మీ రోగుల నోటే దొరికితే నా మాట వదిలేయండి. ‘పాల్గొను’ను నిలుపుకోండి, పాలు కొనడం, అంటే వాటా తీసుకోవడం, అన్న అర్థం ఇక్కడ చక్కగా అతుకుతుంది. పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలని మన దేశపు 2019 నాటి క్లినికల్ ట్రయల్ నిబంధనలు చెబుతూనే ఉన్నాయి కాబట్టి, ‘మీపై’ ఉన్న వాక్యాన్ని తీసివేసి ఇలా రాసి చూడండి:

‘మీ జబ్బుకు ఇప్పుడు అందరికీ ఇస్తున్న వైద్యం ఒకటి ఉంది. దానికి ఈ కొత్త మందు తోడైతే ఇంకా మేలు జరుగుతుందా అన్నది మాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరిశోధన. ఇందులో చేరినవాళ్లలో కొందరికి ఇప్పుడున్న వైద్యం, కొందరికి దానితోపాటు కొత్త మందు ఇస్తాం. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఎంచరు. చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. ఇష్టం లేకపోతే చేరనక్కరలేదు. చేరాక కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నా మీ వైద్యం ఆగదు.’

దీన్ని ఆ పెద్దావిడకు నిదానంగా చదివి వినిపించండి. ఎక్కడ ఆపి మళ్లీ చెప్పమంటారో అక్కడ గుర్తుపెట్టి నాకు పంపితే, ఆ చోట్లు తిరగరాద్దాం.