టెక్ సందేహాలు: ఆ కంపైలర్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

ప్రశ్న: హనుమకొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను సార్. సి ల్యాబ్ కోసం సీనియర్ ఒకరు వాట్సాప్ గ్రూపులో కంపైలర్ జిప్ ఫైల్ లింక్ పెట్టారు. ఇన్‌స్టాల్ చేస్తుంటే యాంటీవైరస్ ఆపేస్తోంది. కాసేపు ఆఫ్ చేసుకోమంటున్నారు. చేయొచ్చా?

వద్దు. కాలేజీలు తెరిచినప్పుడల్లా ఇదే ప్రశ్న, కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి, మొన్న మంచిర్యాల నుంచి కూడా. జీసీసీ, అంటే మీరు రాసిన సి కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్, ఉచితం, 1987 నుంచీ ఉచితమే, దాని సోర్స్ ఎవరైనా చదువుకోవచ్చు. అలాంటిదాన్ని అసలు చోటు వదిలేసి ఎవరో డ్రైవ్‌లో పెట్టిన జిప్ నుంచి ఎందుకు తెచ్చుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యాంటీవైరస్ పొరపాటు పడదని నేననను. మీరు ఇప్పుడే కంపైల్ చేసుకున్న పది లైన్ల ప్రోగ్రాంను కూడా ఒక్కోసారి పట్టుకుంటుంది, డిజిటల్ సంతకం లేని, అంతకుముందు ఎక్కడా చూడని ఫైల్ కాబట్టి. అందులో ఏముందో రాసిన మీకు తెలుసు. ఆ జిప్‌లో ఏముందో గ్రూపులో ఎవరికి తెలుసు?

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. వైరస్ కలిపిన గేమ్ ఒకటి వేసుకుంటే నష్టం చాలావరకు మీ ఒక్కరికే. వైరస్ కలిపిన కంపైలర్ వేసుకుంటే దానితో మీరు తయారుచేసి ఇతరులకు ఇచ్చే ప్రతి ప్రోగ్రాంకూ అది అంటుకోవచ్చు, మీ కోడ్‌లో మాత్రం వెతికినా తప్పు దొరకదు. 2015లో చైనాలో సరిగ్గా ఇదే జరిగింది. ఫోన్ యాప్‌లు తయారుచేసే టూల్స్ అసలు సర్వర్ నుంచి దిగడానికి చాలా సేపు పడుతోందని డెవలపర్లు ఫైల్ షేరింగ్ సైట్ల నుంచి తెచ్చుకున్నారు. అందులో ఎవరో కలిపిన ఆబ్జెక్ట్ ఫైల్ (ముందే కంపైల్ అయిన కోడ్ ముక్క) ఒకటి, ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాంగా చేసే లింకింగ్ సమయంలో వాళ్ల యాప్‌లలోకి చేరిపోయింది. కోట్లమంది వాడే యాప్ కూడా అలా అంటుకున్న జాబితాలో ఉంది. యాప్ సోర్స్‌లో ఒక్క అక్షరం మారలేదు.

ఇది కొత్త భయమేమీ కాదు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ రాసినవారిలో ఒకరైన కెన్ థాంప్సన్, కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలోనే చెప్పారు, అది 1984లో అచ్చయింది. లాగిన్ ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడు దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టేలా, తనను తాను మళ్లీ కంపైల్ చేసుకునేటప్పుడు ఆ బుద్ధినే కొత్త కంపైలర్‌కూ ఎక్కించేలా ఒక కంపైలర్‌ను మార్చవచ్చని చూపించారు. ఆ తర్వాత సోర్స్ ఎంత శుభ్రం చేసినా లాభం లేదు.

అసలు చోటు నుంచి తెచ్చుకుంటే ఇక టెన్షన్ లేదా అంటే, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో ఏం బయటపడిందో చూడండి. సాయం చేస్తానని వచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన ఒక ఖాతా 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది. ఆ కోడ్ టెస్ట్ ఫైళ్లలో దాక్కుంది, దాన్ని బిల్డ్ సమయంలో నిద్రలేపే స్క్రిప్ట్ మాత్రం అందరూ కోడ్ చూసుకునే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్ ఫైల్‌లోనే (సోర్స్ మూటలోనే) ఉంది. దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి బయటపడింది. లేకపోతే లెక్కలేనన్ని సర్వర్లకు చేరేది. జీతం లేకుండా, అలసిపోయి, చాలాకాలం ఒక్కరే చూసుకుంటూ వచ్చిన ప్రాజెక్టు అది. ఇలాంటి టూల్స్ మీద కోట్లు సంపాదించే కంపెనీలు వాటిని నిలబెట్టేవాళ్లకు జీతం ఇవ్వకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఉబుంటు లినక్స్ ఉంటే దాని ఇన్‌స్టాలర్ అప్ట్‌తో బిల్డ్ ఎసెన్షియల్ (జీసీసీ అందులోనే వస్తుంది), జీడీబీ (ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్) వేసుకోండి, ప్యాకేజీల సంతకాలను అదే చూసుకుంటుంది. విండోస్ అయితే జీసీసీని వేసుకునే ఎంసిస్2ను దాని సొంత సైట్ నుంచి తెచ్చుకోండి, అక్కడ ఇచ్చిన షా 256 అంకెతో (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) మీ ఫైల్‌ను సర్ట్‌యుటిల్ కమాండ్‌తో పోల్చండి. ఆ జిప్‌ను ఇప్పటికే రన్ చేసి ఉంటే ముందు వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్లు మార్చండి, తర్వాత ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయించండి.

ఇంకో మాట, ఇది లెక్చరర్లకు. పిల్లలు ఈ జిప్‌ల వెంట పడుతున్నది చాలా ల్యాబ్‌లలో ఇంకా ఆ నీలం తెర టర్బో సి కంపైలరే నడుస్తోంది కాబట్టి. అది సి ప్లస్ ప్లస్‌కు మొదటి స్టాండర్డ్ వచ్చిన 1998 కంటే ముందుది. ఇంటిజర్ రెండు బైట్లే, 32767 దాటితే లెక్క తిరగబడుతుంది. 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి ఎవరో ఎమ్యులేటర్‌తో కలిపి కట్టిన మూటలు తిరుగుతున్నాయి. ఎన్ని అక్షరాలు చదవాలో హద్దు పెట్టని గెట్స్ ఫంక్షన్ ప్రమాదమని సి 11 స్టాండర్డ్‌లోనే తీసేస్తే మనం ఇంకా దాంతోనే పేరు చదివిస్తున్నాం. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు, ల్యాబ్‌లో జీసీసీ వేయడానికి ఒక్క మధ్యాహ్నం చాలు.

ప్రశ్న: జీడీబీలో వేరియబుల్ విలువ అడిగితే ఆప్టిమైజ్డ్ అవుట్ అంటోంది. (జగిత్యాల)

ఓ2తో కంపైల్ చేసి ఉంటారు, వేగం కోసం కంపైలర్ ఆ వేరియబుల్‌ను తీసేసింది. మైనస్ జి, మైనస్ ఓజి పెట్టి మళ్లీ కంపైల్ చేయండి.

ప్రశ్న: కంపైలర్ల ప్రాజెక్టు ఎల్ఎల్‌వీఎంలో ఒక చిన్న బగ్ సరిచేద్దామని నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో బిల్డ్ పెట్టాను. గంటలు నడిచి చివర్లో కిల్డ్ అని ఆగిపోతోంది. (పెద్దపల్లి)

మెమరీ అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నలే బిల్డ్‌ను చంపేస్తోంది. డీమెసేజ్ కమాండ్ చూస్తే తెలుస్తుంది. డీబగ్ బిల్డ్‌లో ఒక్కో లింకింగే జీబీలు తింటుంది, అలాంటివి నాలుగైదు ఒకేసారి మొదలైతే మీ మెషిన్ ఏం తట్టుకుంటుంది? ఆ ఒక్క మాట ఎర్రర్ పెడితే కొత్తవాళ్లు తమ కోడ్‌లోనే తప్పనుకుని వదిలేసి పోతారు, ఇది పట్టించుకోని డిజైన్. బిల్డ్‌ను సెట్ చేసే సీమేక్‌లో బిల్డ్ టైప్ రిలీజ్ అనండి, ఒకేసారి చేసే లింక్ జాబ్స్ ఒకటికి తగ్గించండి, టార్గెట్లలో ఎక్స్86 ఒక్కటే ఉంచండి, లింకర్‌గా ఎల్ఎల్‌డీ పెట్టండి. రాత్రి పెట్టి పడుకోండి. మధ్యలో కరెంటు పోతే పొద్దున మళ్లీ నింజా అనే బిల్డ్ కమాండ్ కొట్టండి, అది మిగిలిన ఫైళ్లే చేస్తుంది.