పసికందు కడుపునొప్పి: చేతి వైద్యం ఉంచుకోండి, నోటి మందు మానండి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌ల నుంచి వచ్చి డాలస్ పరిసరాల్లో కొత్తగా కాపురం పెట్టిన దంపతులు తొలి కాన్పు తరువాత మమ్మల్ని ఎక్కువగా అడిగే సందేహం ఒక్కటే: పొద్దుగూకే వేళకు పాప గుక్కపట్టి ఏడుస్తున్నది, అది కడుపునొప్పేనని తెలిసేదెట్లా, తెలిస్తే చేయవలసినదేమిటి? ఇక్కడ రాత్రి ఏడు గంటలంటే వరంగల్‌లో తెల్లవారే వేళ కనుక, సరిగ్గా ఏడుపు ముదిరే సమయానికి అమ్మమ్మ నిద్రలేచి వీడియో కాల్‌లోకి వస్తుంది. ఆమె వస కొమ్ము అరగదీసి నాకించమంటుంది, పిల్లల డాక్టరేమో పాలు తప్ప ఏదీ పట్టవద్దంటారు. ఇద్దరి మాటల నడుమ నలిగేది బాలింతే.

ముందుగా ఏడుపును గమనించడం నేర్చుకోవాలి. ఆకలైన బిడ్డ తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో రొమ్మును వెతుకుతుంది, పిడికిలి చీకుతుంది. పాలు పట్టగానే ఊరుకుంటుంది. అట్లా కాక, కడుపు నిండి, డైపర్ మార్చి, ఎత్తుకొని తిప్పినా ఆగకుండా, ముఖం ఎర్రబడి, పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్ట మీదికి ముడుచుకొని, దాదాపు ప్రతి సాయంత్రం అదే వేళకు మొదలయ్యే ఏడుపును ఇక్కడి డాక్టర్లు కాలిక్ అంటారు. రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా అన్న కొలతను 1954లో మోరిస్ వెసెల్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు చెప్పారు. డాక్టర్ల నోట ఇప్పటికీ అది వినబడుతుంది. సాధారణంగా ఇది రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారం ప్రాంతంలో తీవ్రమై, మూడు నాలుగు నెలలు నిండేసరికి తనంతట తానే తగ్గిపోతుంది. కారణం మాత్రం వైద్యులకు నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. గ్యాస్ వల్లనే ఏడుస్తున్నదని మనమంటాం గాని, ఏడుస్తూ గాలి మింగడం వల్లనే పొట్ట ఉబ్బడం కూడా అంతే సహజం.

దొడ్డికి పోయే ముందు పది నిమిషాల పాటు ముక్కి, ఏడ్చి, చివరకు మెత్తగానే పోయే బిడ్డకు మలబద్ధకం లేదు. ముక్కడాన్నీ కింది కండరాలను వదలడాన్నీ ఒకేసారి చేయడం ఇంకా అలవడలేదంతే. తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టే పనికి దయచేసి పూనుకోవద్దు. తల్లిపాలు తాగే బిడ్డ నెలన్నర దాటాక కొన్ని రోజులకొకసారి వెళ్లినా, మెత్తగా ఉన్నంతవరకు దిగులు అక్కరలేదు.

కాలిక్ అనుకొని ఇంట్లో ఆగిపోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, వీటిని భార్యాభర్తలిద్దరూ కంఠస్థం చేయాలి. మూడు నెలలలోపు బిడ్డకు మలద్వారం వద్ద చూసిన జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని అంతకు మించి గాని ఉంటే, మీ అంతట మీరు జ్వరం మందు వేయకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ఆకుపచ్చని పసరు వాంతి అయితే పేగు మెలిపడి ఉండవచ్చు, అది గంటల మీద తేలవలసిన విషయం. పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్ముకుంటూ వాంతి అవుతూ, వెంటనే మళ్లీ ఆకలితో ఏడ్చే నెల పిల్లలకు జీర్ణాశయం కింది ద్వారం బిగుసుకొని ఉండవచ్చు. దానికి శస్త్రచికిత్స అవసరం. మలంలో రక్తం, రాయిలా గట్టిపడిన పొట్ట, గజ్జలో గడ్డ, పాలకు కూడా లేవనంత మత్తు, రోజుకు ఆరు తడి డైపర్లు కూడా కాకపోవడం, ఇవన్నీ వెంటనే డాక్టరుకు చెప్పవలసినవే. ఏడుపు ఒక్కసారిగా కొత్త తీరుగా మారితే బట్టలన్నీ విప్పి వేళ్లు చూడండి; కాన్పు తరువాత తల్లికి జుట్టు రాలుతుంది, ఆ వెంట్రుక కాలివేలికి చుట్టుకొని బిగుసుకోవడం అరుదుగానైనా జరుగుతుంది.

ఇవేవీ లేనప్పుడు అమ్మమ్మ చేతి వైద్యాన్ని నిస్సంకోచంగా ఉంచుకోండి. పాల మధ్యలోనూ తరువాతనూ భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, తాగాక కాసేపు నిటారుగా ఎత్తుకోవడం, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి పొట్ట కింద అరచేయి ఆనించి నడవడం, గోరువెచ్చని నూనెతో బొడ్డు చుట్టూ గడియారపు ముల్లు తిరిగే దిశలో మెల్లగా రాయడం, కాళ్లను సైకిల్ తొక్కినట్టు కదపడం, గోరువెచ్చని నీళ్లు పోయడం, లైట్లు తగ్గించి జోకొట్టడం మంచివే. బొడ్డు ఊడి మానేదాకా మాత్రం దాని మీద ఇంగువ సహా ఏదీ రాయకూడదు. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు. అపార్ట్‌మెంట్‌లో అలారం మోగడం అదనం. బోర్లా వేయడం మీ చేతుల్లో మెలకువగా ఉన్నప్పుడే. నిద్రకు ఎప్పుడూ వెల్లకిలా, దిండు లేని గట్టి పరుపు మీద.

నోట్లో వేసేవి మాత్రం మానేయండి. వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం కారణంగా అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1968లోనే దానిని ఆహారంలో నిషేధించింది. త్వరగా మాటలొస్తాయన్న ఆశతో నెలల బిడ్డకు నాకించదగినది కాదది. ఏడాది లోపు తేనె చుక్క కూడా వద్దు, అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే బొట్యులిజం అనే జబ్బును తెచ్చే ప్రమాదం ఉంది. ఆరు నెలలలోపు వాము నీళ్లు, మామూలు నీళ్లు కూడా అనవసరం. గ్రైప్ వాటర్‌ను మన నాయనమ్మల మందుగా భావిస్తాం గాని, అది 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అమ్మకానికి పెట్టినది. తొలి మిశ్రమంలో ఆల్కహాల్ కూడా ఉండేది. ఇక్కడి అంగళ్లలో దొరికే సిమెథికోన్ అనే గ్యాస్ మందు చుక్కలు కూడా పరీక్షల్లో మందు లేని ఉత్త చుక్కల కంటే మెరుగని తేలలేదు. తల్లిపాలు తాగే పిల్లల్లో లాక్టోబాసిల్లస్ ర్యూటెరి అనే మేలుచేసే బ్యాక్టీరియా చుక్కలు కొంత ఫలితమిచ్చాయి; అవి కూడా డాక్టరును అడిగాకే.

బాలింత శనగపప్పు, ఆలుగడ్డ తింటే బిడ్డకు వాతం చేస్తుందన్న మాట పట్టుకొని తల్లిని మాడ్చవద్దు. ఆమె పేగుల్లోని గ్యాస్ పాలలోకి రాదు. బిడ్డ మలంలో రక్తపు జీరలు, ఒంటి మీద దద్దుర్లు ఉంటే తల్లిని పాలు, పెరుగు కొన్ని వారాలు తినడం మానమని డాక్టరే చెబుతారు.

సాయంత్రపు ఆ మూడు గంటలను భర్త తన వంతుగా తీసుకోవడం ధర్మం. చేతులు వణికేంత విసుగు వస్తే బిడ్డను తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి పది నిమిషాలు పక్క గదిలో కూర్చోండి. ఏడ్వడం వల్ల బిడ్డకేమీ కాదు, కోపంలో ఒక్కసారి ఊపితే మెదడుకు దెబ్బ తగులుతుంది. తల్లి మనసు కుంగిపోతుంటే 1-833-852-6262 అనే జాతీయ సహాయ నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అమ్మమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే నెల నిండిన చెకప్‌కు ఆమెను కూడా వెంట తీసుకువెళ్లండి. చాలా ఆసుపత్రులు అడిగితే ఫోన్‌లో తెలుగు దుబాసీని ఏర్పాటు చేస్తాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పి, ఊరి నుంచి తెచ్చిన సీసాలు, పొట్లాలు అన్నీ సంచిలో వేసుకొని డాక్టరు ముందు పెట్టండి.